ఎక్స్‌ఎంఎల్‌లో చైల్డ్ ఎలిమెంట్ కలపడం: కోడ్ బాగానే రన్ అవుతుంది, ఫైలే పనిచేయదు

ఎక్స్‌ఎంఎల్ డాక్యుమెంట్‌లో (డేటాని ట్యాగుల మధ్య రాసుకునే ఫైల్) ఒక చైల్డ్ ఎలిమెంట్, అంటే ఒక ట్యాగ్ లోపల ఇంకో ట్యాగ్, కలపడానికి ఏముంది, అపెండ్‌చైల్డ్ అని ఒక లైన్ కొడితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ లైన్ పనిచేస్తుంది కూడా. ఎర్రర్ రాదు, ఫైల్ సేవ్ అవుతుంది, ఎడిటర్‌లో తెరిస్తే మనం కలిపింది కళ్లముందే కనిపిస్తుంది. తీరా దాన్ని వాడాల్సిన ప్రోగ్రామ్‌కి ఇచ్చాక అసలు కథ మొదలవుతుంది. ఫైల్ చెల్లదని తిప్పికొడితే ఒక రకంగా అదృష్టమే, కనీసం తప్పుందని తెలుస్తుంది. చాలాసార్లు అది కూడా ఉండదు. ఫైల్ తెరుచుకుంటుంది, పాత డేటా అంతా వస్తుంది, మనం కలిపింది మాత్రం రాదు.

ఫైల్ చదివాక మెమరీలో కొమ్మలు, ఉపకొమ్మలుగా ఏర్పడే ట్రీకి ఆ ఫైల్ ఫార్మాట్ నియమాలేవీ తెలియకపోవడమే దీనికి కారణం. డాక్యుమెంట్‌కి రెండో రూట్ (అన్నిటికీ పైన ఉండే ఎలిమెంట్) తగిలించబోతేనో, ఒక నోడ్‌ని దాని సొంత చైల్డ్ కిందకే దూర్చబోతేనో, అలాంటి కొన్ని సందర్భాల్లోనే డామ్ (ఆ ట్రీని కోడ్‌తో చదివి మార్చే ప్రామాణిక పద్ధతి) అడ్డుపడుతుంది. మిగతాదంతా దానికి ఓకే. ఏ ఎలిమెంట్ తర్వాత ఏది రావాలి, ఏ పేరు చెల్లుతుంది అన్నవి స్కీమాలో, అంటే ఆ ఫార్మాట్ నియమాలు రాసిన ఫైల్‌లో, ఉంటాయి, ఆ స్కీమాని అపెండ్‌చైల్డ్ తెరిచి కూడా చూడదు. దాంతో తప్పు ఒకచోట జరుగుతుంది, ఎర్రర్ ఇంకెక్కడో బయటపడుతుంది, మనం మధ్యలో గంటలకొద్దీ వెతుకుతాం.

ఉత్తినే ఏ, బీ, సీ అని ట్యాగులు పెట్టుకుని చెబితే ఇది బుర్రకెక్కదు కాబట్టి నిజంగా వాడే ఫార్మాట్ ఒకటి తీసుకుందాం. జీపీఎక్స్. ఫోన్లో నడక రికార్డ్ చేసే యాప్‌లు చాలావరకు ఇచ్చే ఫైల్ ఇదే, 2004లో వచ్చిన 1.1 వెర్షనే ఇప్పటికీ నడుస్తోంది. ఎవరో అలిపిరి దగ్గర రికార్డింగ్ ఆన్ చేసి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరారనుకోండి. ఫైల్‌లో ఒక రూట్ ఎలిమెంట్, దాని కింద మెటాడేటా, ఆ తర్వాత టీఆర్‌కే అనే ట్రాక్, అందులో వేల పాయింట్లు. ఇప్పుడు దారిలో అలిపిరి, గాలిగోపురం, మోకాళ్ల పర్వతం అని మూడు గుర్తులు మనం కోడ్‌తో కలపాలి. ఒక్కో గుర్తుకి డబ్ల్యూపీటీ అనే ఎలిమెంట్, దానికి అక్షాంశం, రేఖాంశం ఆట్రిబ్యూట్లుగా, లోపల ఎత్తు, పేరు చైల్డ్ ఎలిమెంట్లుగా ఉండాలి. (పేర్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, ఫైల్‌లో అవి ఇంగ్లీషులోనే ఉంటాయి. అన్నట్టు సొంత ఫార్మాట్ తయారుచేసుకునేవాళ్లు ట్యాగ్ పేర్లు తెలుగులో పెట్టుకున్నా ఎక్స్‌ఎంఎల్‌కి ఏ అభ్యంతరమూ లేదు.)

చాలామంది మొదట చేసేది స్ట్రింగ్ రీప్లేస్. ఫైల్‌ని టెక్స్ట్‌గా చదివి, చివరి క్లోజింగ్ ట్యాగ్ వెతికి, దాని ముందు మన ముక్క అతికించేయడం. ఒక్కసారికి, మన కళ్లముందు జరిగే పనికి నేను దీన్ని తప్పనను. రోజూ నడిచే కోడ్‌లో మాత్రం వద్దు. రూట్ ట్యాగ్ పేరు ముందు కోలన్‌తో ఏదైనా ప్రిఫిక్స్ ఉంటే వెతికే ట్యాగే దొరకదు, పేరులో 'టీ & టిఫిన్' లాంటిది వచ్చిందంటే ఆ యాంపర్‌శాండ్‌తో ఫైల్ మొత్తం పాడవుతుంది. పైగా ఆ ముక్కని అతికించిన చోటు కూడా తప్పే.

ఎందుకు తప్పంటే, జీపీఎక్స్ స్కీమా ప్రకారం రూట్ కింద వరుస ఖరారైపోయి ఉంది. ముందు మెటాడేటా, తర్వాత డబ్ల్యూపీటీలన్నీ, తర్వాత ఆర్‌టీఈలు (ముందే వేసుకున్న దారులు), తర్వాత టీఆర్‌కేలు, ఆఖర్న ఎక్స్‌టెన్షన్స్ (యాప్‌లు సొంతంగా కలుపుకునేవి). స్కీమాలో దీన్ని సీక్వెన్స్ అంటారు, అంటే వరుస మారితే ఫైల్ చెల్లదు. మన ఫైల్‌లో ట్రాక్ ముందే ఉంది. అపెండ్ అంటే ఎప్పుడూ చివరికే వెళ్తుంది కాబట్టి కొత్త గుర్తులు ట్రాక్ తర్వాత కూర్చుంటాయి, దాంతో ఫైల్ చెల్లనిదైపోయింది. చూసీచూడనట్టు పోయే యాప్ దాన్ని తెరిచేస్తుంది, స్కీమాతో సరిచూసే సాఫ్ట్‌వేర్ తిరగ్గొడుతుంది, 'నా దగ్గర పనిచేస్తోందే' అన్న పాత గొడవ సరిగ్గా ఇక్కడే పుడుతుంది.

డబ్ల్యూపీటీ లోపలా ఇదే వరస. ఎత్తు ముందు, టైమ్ దాని తర్వాత, పేరు ఆ తర్వాత, వివరణ ఇంకా తర్వాత. మనిషి సహజంగా పేరుతో మొదలుపెడతాడు, ఎత్తు తర్వాత గుర్తొస్తే అప్పుడు కలుపుతాడు. స్కీమా ఒప్పుకోదు. అసలు నన్నడిగితే ఏ ఫార్మాట్‌లో చేయి పెట్టినా ముందు స్కీమా తెరిచి అక్కడ సీక్వెన్స్ అని ఉందా, ఆల్ అని ఉందా చూసుకోవాలి. ఆల్ అని ఉంటే వరుస మన ఇష్టం, సీక్వెన్స్ అయితే అపెండ్ మీద భరోసా పెట్టుకోకూడదు.

డామ్‌లో దీనికి వాడాల్సింది ఇన్‌సర్ట్‌బిఫోర్. మొదటిది కలపాల్సిన నోడ్, రెండోది ఎవరి ముందు పెట్టాలో ఆ నోడ్. ఆ రెండో నోడ్ రూట్‌కి నేరుగా చైల్డ్ అయ్యుండాలి, మనవడు పనికిరాడు. రెండోది నల్ అయితే చివర కలిపేస్తుంది, ఇది మనకి బాగా కలిసొచ్చే విషయం: ఆర్‌టీఈ, టీఆర్‌కే, ఎక్స్‌టెన్షన్స్ మూడింట్లో ముందుగా కనిపించిన దాన్ని పట్టుకుని దాని ముందు పెట్టమంటే సరి, ఏదీ లేకపోతే నల్ వెళ్తుంది, చివర చేరుతుంది, అప్పుడు చివరే సరైన చోటు. డాట్‌నెట్‌లో యాడ్‌బిఫోర్‌సెల్ఫ్, పైథాన్ ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో యాడ్‌ప్రీవియస్ ఇదే పని చేస్తాయి. పైథాన్‌తో పాటే వచ్చే ఎలిమెంట్‌ట్రీలో మాత్రం ఇలాంటివి లేవు, స్థానం నంబర్ కనుక్కుని ఇన్‌సర్ట్ చేయాలి. అక్కడ ఇంకో గమ్మత్తు ఉంది, ఫైండ్‌తో ఎలిమెంట్ దొరికిందా లేదా అని నేరుగా ఇఫ్‌లో పెట్టి చూస్తే, దొరికిన ఎలిమెంట్‌కి చైల్డ్స్ లేకపోతే అది ఫాల్స్ అంటుంది. ఖాళీ ఎక్స్‌టెన్షన్స్ దొరికినా దొరకనట్టే లెక్క. 'ఈజ్ నాట్ నన్' అని అడగాల్సిందే.

వరుస సంగతి కనీసం కళ్లకి కనిపిస్తుంది. నేమ్‌స్పేస్ అలా కాదు.

జీపీఎక్స్ ఫైల్ రూట్ ట్యాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అని ఒక పొడవాటి స్ట్రింగ్ ఉంటుంది, చూడ్డానికి జీపీఎక్స్ తయారుచేసిన టోపోగ్రాఫిక్స్ వాళ్ల సైట్ అడ్రస్‌లా. అది తెరవడానికి ఇచ్చిన లింక్ కాదు, ఇంటిపేరు. ఊళ్లో శ్రీనివాసరావులు పదిమంది ఉన్నా ఇంటిపేరుతో ఎవరు ఎవరో తేలినట్టు, నేమ్ అనే ట్యాగ్ వంద ఫార్మాట్లలో ఉన్నా ఆ స్ట్రింగ్‌తో ఇది జీపీఎక్స్ వాళ్ల నేమ్ అని తేలుతుంది. ఫైల్‌లో రూట్‌కి ఒక్కసారి రాస్తే లోపలున్న ఎలిమెంట్లన్నిటికీ అదే వర్తిస్తుంది, మళ్లీ మళ్లీ రాయక్కర్లేదు. తిరకాసంతా ఈ సౌకర్యంలోనే ఉంది. ఆ వర్తింపు ఫైల్‌ని చదివేటప్పుడు పార్సర్ (ఫైల్‌ని ట్రీగా మార్చే కోడ్) చేసే పని. కోడ్‌లో మనం పుట్టించిన ఎలిమెంట్‌కి ఇంటిపేరు పుట్టినప్పుడే ఇవ్వాలి, తర్వాత ఏ ఇంట్లో చేర్చినా అది దానంతట అది అంటుకోదు.

ఎక్స్‌ఎంఎల్ 1.0 వచ్చింది 1998 ఫిబ్రవరిలో, డామ్ మొదటి లెవెల్ అదే ఏడాది అక్టోబర్‌లో, నేమ్‌స్పేస్‌ల ప్రమాణం 1999 జనవరిలో. అంటే డామ్‌లో ఎలిమెంట్‌ని పుట్టించే క్రియేట్‌ఎలిమెంట్ తయారైనప్పటికి నేమ్‌స్పేస్‌లు ఇంకా ఖరారు కాలేదు. వాటిని పట్టించుకునే క్రియేట్‌ఎలిమెంట్‌ఎన్‌ఎస్ 2000 నవంబర్‌లో రెండో లెవెల్‌తో వచ్చింది. పాతదాన్ని తీసేయలేదు, దాని పేరే చిన్నది, గూగుల్ చేస్తే అదే ముందు కనిపిస్తుంది, అందరూ దాన్నే వాడతారు.

వాడితే ఏమవుతుందనేది లైబ్రరీని బట్టి ఉంటుంది. డాట్‌నెట్‌లో సేవ్ చేసి చూస్తే మన డబ్ల్యూపీటీ ట్యాగ్‌లో ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్="" అని ఖాళీ కోట్స్‌తో ఒకటి అదనంగా కనిపిస్తుంది. 'ఇదెక్కడి నుంచి వచ్చింది, దీన్ని తీసేయడం ఎలా' అని జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు, రీప్లేస్‌తో ఆ ముక్కని చెరిపేసేవాళ్లూ ఉన్నారు. పాపం సీరియలైజర్ (ట్రీని ఫైల్‌గా రాసే భాగం) అక్కడ నిజమే చెబుతోంది: మీరు ఇచ్చిన ఎలిమెంట్‌కి ఏ నేమ్‌స్పేసూ లేదు, పేరెంట్‌కి ఉంది, ఆ తేడా ఫైల్‌లో నిలవాలంటే ఇలా రాయక తప్పదు. తీసేయాల్సింది ఫైల్‌లోంచి కాదు, ఎలిమెంట్ పుట్టించే దగ్గరే పేరెంట్ నేమ్‌స్పేస్ ఇచ్చి పుట్టించాలి. లోపలున్న ఎత్తుకీ, పేరుకీ కూడా విడివిడిగా ఇవ్వాల్సిందే.

ఎలిమెంట్‌ట్రీది ఇంకో దారి. దాంట్లో పేరు ముందు కర్లీ బ్రాకెట్లలో ఆ పొడవాటి స్ట్రింగ్ రాసి, వెంటనే ట్యాగ్ పేరు రాస్తారు. అది బద్ధకమేసి ఉత్త డబ్ల్యూపీటీ అని సబ్‌ఎలిమెంట్‌కి ఇచ్చామనుకోండి. సేవ్ చేస్తే పాత ట్యాగులన్నిటికీ ఎన్‌ఎస్0 అని ఒక ప్రిఫిక్స్ తగులుకుని, మనది మాత్రం ఏ ప్రిఫిక్సూ లేకుండా ఒంటరిగా ఉంటుంది. ఆ ఎన్‌ఎస్0 చూసి చిరాకేసి రిజిస్టర్‌నేమ్‌స్పేస్‌తో ఖాళీ ప్రిఫిక్స్ పెట్టామంటే ఇంకా చిత్రం జరుగుతుంది. ఇప్పుడు అన్నీ ప్రిఫిక్స్ లేకుండానే రాస్తుంది, ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్="" కూడా పెట్టదు, కాబట్టి ఆ ఫైల్‌ని మళ్లీ చదివితే మన డబ్ల్యూపీటీ జీపీఎక్స్ ఇంటిపేరుతోనే వస్తుంది! అంటే కోడ్‌లో తప్పు, ఫైల్‌లో ఒప్పు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది, కానీ సేవ్ చేయకముందు అదే ట్రీలో ఇంటిపేరుతో వెతికితే దొరకదు, సేవ్ చేసి తెరిస్తే దొరుకుతుంది. ఇలాంటి బగ్ పట్టుకోవాలంటే నిజంగా టెన్షనే.

ఆట్రిబ్యూట్లకి ఇదంతా వర్తించదు. అక్షాంశం, రేఖాంశం ఉత్త సెట్‌ఆట్రిబ్యూట్‌తో పెట్టాలి. డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఎలిమెంట్లకే కానీ ఆట్రిబ్యూట్లకి కాదని ప్రమాణంలోనే ఉంది. జాగ్రత్త ఎక్కువై వాటికీ నేమ్‌స్పేస్ ఇచ్చారంటే అవి వేరే ఆట్రిబ్యూట్లయిపోతాయి.

ఇక మూడు గుర్తుల సంగతికి వద్దాం. లూప్ రాస్తాం. నేమ్ ఎలిమెంట్ ప్రతిసారీ కొత్తగా ఎందుకులే అని లూప్ బయట ఒక్కటే తయారుచేసి, లోపల దాని టెక్స్ట్ మార్చి ఆయా డబ్ల్యూపీటీకి కలుపుతూ పోతాం. మొదటి రౌండ్‌లో అలిపిరి, రెండో రౌండ్‌లో గాలిగోపురం, మూడో రౌండ్‌లో మోకాళ్ల పర్వతం. ఎక్కడా ఎర్రర్ రాదు. ఫలితం చూడండి.

డామ్‌లో, అంటే జావా అయినా బ్రౌజర్ అయినా, మొదటి రెండు గుర్తులకి పేరే ఉండదు. మూడోదానికి మోకాళ్ల పర్వతం అని ఉంటుంది. డామ్‌లో ఒక నోడ్‌కి ఒక్కరే పేరెంట్, వేరేచోట అపెండ్ చేస్తే అది కాపీ అవ్వదు, పాతచోటు నుంచి లేచి కొత్తచోటుకి వెళ్లిపోతుంది. ఎలిమెంట్‌ట్రీలో మూడింటికీ పేరుంటుంది, మూడూ మోకాళ్ల పర్వతమే. అక్కడ పేరెంట్ అనే ఊసే లేదు, ఎలిమెంట్ అంటే దాదాపు ఒక లిస్టు, ఒకే వస్తువు మూడు లిస్టుల్లో ఉండొచ్చు, ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారుతుంది. డాట్‌నెట్ ఎక్స్‌ఎలిమెంట్‌లో అయితే మొదటి గుర్తుకి మోకాళ్ల పర్వతం, రెండోదానికి గాలిగోపురం, మూడోదానికి మళ్లీ మోకాళ్ల పర్వతం! అది మొదటిసారి అసలు వస్తువునే తగిలిస్తుంది, దానికి పేరెంట్ వచ్చేసింది కాబట్టి రెండోసారి నుంచి ఆ క్షణంలో ఉన్నదాన్ని కాపీ తీసి తగిలిస్తుంది. అసలుది మొదటి గుర్తు దగ్గరే ఉండిపోయి మనం టెక్స్ట్ మార్చినప్పుడల్లా మారుతూ ఉంటుంది.

ఒకటే కోడ్, ఒకటే తప్పు, మూడు రకాల ఫలితాలు. ఇంకోలా చెప్పాలంటే అపెండ్ అన్న మాటకి మూడుచోట్లా మూడు అర్థాలు: తరలించు, పంచుకో, అవసరమైతే కాపీ తియ్యి. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ చూడ్డానికి ఎలిమెంట్‌ట్రీ లాగే ఉంటుంది కానీ ఈ విషయంలో డామ్ పక్షం, తరలిస్తుంది. ఎలిమెంట్‌ట్రీ నుంచి ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌కి కోడ్ మార్చేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మందు మాత్రం అందరికీ ఒకటే, ఎలిమెంట్‌ని లూప్ లోపలే పుట్టించండి. ఉన్నదాని నకలే కావాలంటే కాపీ అని అడిగి తీసుకోండి, డామ్‌లో క్లోన్‌నోడ్, పైథాన్‌లో డీప్‌కాపీ.

వేరే ఫైల్ నుంచి నోడ్ తెచ్చి కలిపితే జావా రాంగ్ డాక్యుమెంట్ ఎర్రర్ ఇస్తుంది, డాట్‌నెట్ ఎక్స్‌ఎంఎల్‌డాక్యుమెంట్ కూడా ఒప్పుకోదు. ఇప్పటి బ్రౌజర్లు మాత్రం చడీచప్పుడు లేకుండా దత్తత తీసేసుకుంటాయి. జావాలో ముందు ఇంపోర్ట్‌నోడ్ చేయాలి, రెండో ఆర్గ్యుమెంట్ ట్రూ ఇవ్వాలి, లేకపోతే పై ఎలిమెంటూ దాని ఆట్రిబ్యూట్లే వస్తాయి, లోపలివి రావు. ఇంపోర్ట్‌నోడ్ తిరిగిచ్చేది కాపీని. దాన్ని వదిలేసి పాత వేరియబుల్‌నే అపెండ్ చేసి, 'ఇంపోర్ట్ చేశా కదా, మళ్లీ అదే ఎర్రర్ ఏంటి' అని తల పట్టుకునేవాళ్లు చాలామంది.

గెట్‌ఎలిమెంట్స్‌బైట్యాగ్‌నేమ్ ఇచ్చే లిస్టు గురించి కూడా ఒక మాట. అది సజీవం, ట్రీ మారితే అదీ మారుతుంది. డబ్ల్యూపీటీల మీద లూప్ తిరుగుతూ ఒక్కోదానికి పక్కన ఇంకో డబ్ల్యూపీటీ కలిపారంటే లిస్టు పెరుగుతూనే ఉంటుంది, లూప్ ఆగదు. ముందు దాన్ని మామూలు అర్రేలోకి కాపీ చేసుకుని తిరగండి.

టెక్స్ట్ విషయం తేలిక. ట్రీ ద్వారా పెడితే యాంపర్‌శాండ్ లాంటివి సేవ్ అయ్యేటప్పుడు అదే సర్దుకుంటుంది. మనం ముందే ఎస్కేప్ చేసి, అంటే ఆ గుర్తు బదులు దాని కోడ్ రాసి, ఇచ్చామంటే రెండుసార్లు ఎస్కేప్ అయి, యాప్‌లో పేరులోనే ఆ ఎస్కేప్ గుర్తులే కనిపిస్తాయి. ఇండెంటేషన్ సంగతి ఏమిటంటే, ట్యాగుల మధ్య ఉండే ఎంటర్లు, స్పేస్‌లు కూడా ట్రీలో టెక్స్ట్ నోడ్లే, కొత్త ఎలిమెంట్‌తో పాటు అవి పుట్టవు, అందుకే కలిపినవన్నీ ఒకే లైన్లో అతుక్కుని కనిపిస్తాయి. చదివే ప్రోగ్రామ్‌కి దాంతో పనిలేదు. మనకి అందంగా కావాలంటే పైథాన్ 3.9 నుంచి ఎలిమెంట్‌ట్రీలో ఇండెంట్ అనే ఫంక్షన్ ఉంది.

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యేది ఇంకొకటుంది. పేరుగా గాలిగోపురం అని తెలుగులో పెట్టి ఎలిమెంట్‌ట్రీతో సేవ్ చేసి ఎడిటర్‌లో తెరిస్తే తెలుగు కనపడదు, దాని బదులు అంకెల వరుస ఉంటుంది. 'లి' ఉండాల్సిన చోట లి అని. ఫాంట్ పోయిందనో, డేటా పాడైందనో కంగారు పడక్కర్లేదు. రైట్ ఫంక్షన్‌కి ఎన్‌కోడింగ్ చెప్పకపోతే అది యూఎస్-ఆస్కీ అనుకుంటుంది, ఆస్కీలో తెలుగు పట్టదు కాబట్టి ప్రతి అక్షరాన్నీ దాని యూనికోడ్ నంబర్‌గా రాస్తుంది. ఎక్స్‌ఎంఎల్ ప్రకారం అది నూటికి నూరుపాళ్లు చెల్లుతుంది, ఏ పార్సర్ చదివినా మళ్లీ తెలుగే వస్తుంది. కానీ ఫైల్ ఉబ్బుతుంది, మనిషి చదవలేడు, గ్రెప్ లాంటి టూల్‌తో తెలుగులో వెతికితే దొరకదు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని, ఎక్స్‌ఎంఎల్ డిక్లరేషన్ ట్రూ అని రెండూ ఇస్తే సరిపోతుంది.

ఫైల్ పెద్దదైతే ట్రీ అంతా మెమరీలోకి ఎక్కించాలా అని అడుగుతారు. సెకనుకో పాయింట్ చొప్పున పది గంటలు నడిచినా 36,000 పాయింట్లే, ఈ కాలం కంప్యూటర్‌కి అదొక లెక్కే కాదు. వికీపీడియా డంప్ లాంటి భారీ ఎక్స్‌ఎంఎల్ అయితే మాత్రం ట్రీ జోలికి పోకుండా, ఒక పక్క చదువుతూ ఇంకో పక్క రాసుకుంటూ పోవాలి. జీపీఎక్స్‌లో అలా చేయాల్సి వచ్చినా మొదటి ఆర్‌టీఈనో, టీఆర్‌కేనో, ఎక్స్‌టెన్షన్సో ఎదురవగానే దానికన్నా ముందు మన గుర్తులు రాసేసి ముందుకెళ్తే చాలు.

అంతా అయ్యాక ఫైల్‌ని ఎక్స్‌ఎంఎల్‌లింట్ అనే సరిచూసే టూల్‌కి స్కీమాతో కలిపి ఇవ్వండి. వరుస తప్పినా, ఇంటిపేరు లేకపోయినా 'ఈ ఎలిమెంట్ ఇక్కడ ఊహించనిది' అని లైన్ నంబర్‌తో సహా చెబుతుంది. కానీ లూప్ బయట పుట్టిన ఆ నేమ్ తప్పుని అది పట్టుకోలేదు. జీపీఎక్స్‌లో పేరు తప్పనిసరి కాదు, పేరు లేని గుర్తూ చెల్లుతుంది, ఒకే పేరున్న మూడు గుర్తులూ చెల్లుతాయి. కాబట్టి సేవ్ చేసిన ఫైల్‌ని మళ్లీ చదివి, ఇంటిపేరుతో వెతికి, ఒక్కో డబ్ల్యూపీటీలో ఉన్న పేరుని మనం ఇచ్చిన జాబితాతో పోల్చే నాలుగు లైన్ల టెస్ట్ ఒకటి విడిగా రాసుకోవాలి.